ఎడమచేత్తో ఇచ్చిన తాళం

"అదిగో, అక్కడ ఆపండి," అంది ఇన్‌స్పెక్టర్ క్వాన్సిమా.

డాడ్జీ మీట నొక్కాడు. టీవీలో బొమ్మ వణుకుతూ నిలబడింది. హోటల్ కౌంటరు, దాని వెనక యజమాని, ఇవతల సినిమా హీరో. యజమాని గది తాళంచెవి అందిస్తున్నాడు. ఎడమచేత్తో.

కేప్‌కోస్ట్ నుంచి కుమాసీ దాకా ఈ సినిమా చూసినవాడెవడూ ఈ చోట నోరు మూసుకుని కూర్చోలేదు. పెద్దమనిషికి ఎడమచేత్తో ఏదైనా ఇవ్వడమంటే మొహాన ఉమ్మేసినంత పని. కుడిచేతిలో పసిబిడ్డ ఉన్నా సరే, "సెబే, తప్పుగా అనుకోకండి" అని బతిమాలుకుని మరీ ఇస్తారు. అందుకే వీడియో సెంటర్లలో ఈ సీను రాగానే ఈలలు, కేకలు. "ఒరేయ్, వీడికి వాళ్ళమ్మ ఏమీ నేర్పలేదర్రా!" అని ఒకడు, "ఆ ఎడమచెయ్యి విరగ్గొట్టండి!" అని ఇంకొకడు. తొమ్మిదేళ్ళు నవ్వారు జనం. ఎందుకలా ఇచ్చాడని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. పోయిన నెల అక్రా బస్సులో ఈ సినిమా వేస్తే క్వాన్సిమా కూడా అందరితో పాటు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది.

సినిమా పేరు 'కిందికి రాని అమ్మాయి'. హోటల్లో గది తీసుకున్న పడుచుపిల్ల ఒకతె మాయమైపోతుంది, డిటెక్టివ్ వెతుకుతాడు, అంతే కథ. మూడు రోజుల్లో, చవకరకం వీడియో కెమెరాతో చుట్టేశారు. మాయమైన పిల్ల వేషం వేసిన అబా యావ్సన్, షూటింగు ఆఖరి రోజున అదే హోటల్లోంచి నిజంగానే మాయమైపోయింది. కథ రాసినవాడు కూడా అంత దారుణం ఊహించి ఉండడు.

"మాస్టర్, ఈ సీను ఎప్పుడు తీశారు?"

డాడ్జీ ఒకప్పటి డైరెక్టరు. ఇప్పుడు క్యాసెట్లు అద్దెకిస్తూ, పాత ఫ్యాన్లు బాగుచేస్తూ బతుకుతున్నాడు. గడ్డం గోక్కున్నాడు. "ఆఖరి రోజు, సాయంత్రం. చూడండి, ఎండ గుమ్మంలోంచి కౌంటరు మీదికి ఎలా పడుతోందో. ఆ గుమ్మం పడమటి వైపు. మా దగ్గర లైట్లెక్కడివి మేడమ్? సూర్యుడే మా లైటు మనిషి. వాడూ జీతం అడగడు కాబట్టి సరిపోయింది."

"పొద్దున తీసిన సీనులో ఇతను కుడిచేత్తో సలాం కొట్టాడు. చెయ్యి శుభ్రంగా ఉంది. సాయంత్రానికి అది కౌంటరు కిందికెందుకు పోయింది?"

"అడిగాను! గొంతు చించుకుని అడిగాను. 'కుడిచేత్తో ఇవ్వవయ్యా మహానుభావా, జనం కుర్చీలు విసురుతారు' అని. ఎజిర్ గారు హోటల్ ఊరికే ఇచ్చాడు, బదులుగా వేషం అడిగాడు. గట్టిగా అనలేను. వెలుతురు పోతోంది, టేపు అయిపోవచ్చింది. సరే, నీ ఖర్మ అని తీసేశాను."

"అప్పటికి అబా ఎక్కడుంది?"

డాడ్జీ మొహం వాడిపోయింది. "అంతదాకా పైన గదిలోనే ఉందనుకున్నాం. మధ్యాహ్నం అందరితో కూర్చుని మొక్కజొన్న కెంకే ముద్దా, వేపిన చేపా తింది. కాసేపు పడుకుంటానని పైకెళ్ళింది. ఆఖరి షాటుకి పిలిస్తే రాలేదు. ఎజిర్ గారే వెళ్ళి చూసొచ్చి, 'భోజనాలవగానే పెట్టె పట్టుకుని వెళ్ళిపోయిందయ్యా, తాళం నాకే ఇచ్చింది' అన్నాడు. ఆ షాటు బదులు ఈ ఎడమచేతి షాటు తీశాం. మర్నాడు పొద్దున్నే మమ్మల్ని ఖాళీ చెయ్యమన్నాడు. మురుగు గొట్టం పగిలిందన్నాడు."

క్వాన్సిమా లేచింది. "చొక్కా వేసుకోండి మాస్టర్. టేపు కూడా తీసుకోండి. హోటలుకి పోదాం."

ఆమెకి తొందరుంది. అబా తల్లి ఎనా బడువా రెండు వారాల క్రితం స్టేషనుకొచ్చి బెంచీ మీద కూర్చుంది. దగ్గుతెర ఆగాక, "అమ్మాయ్, చచ్చిందని చెప్పు, ఏడుస్తాను. బతికుందని చెప్పు, ఎదురుచూస్తాను. రెండూ ఒక్కసారే చెయ్యలేక ప్రాణం విసిగిపోయింది తల్లీ," అంది. డాక్టరు ఆవిడకి వానాకాలం దాకా కూడా మాటివ్వలేదు. వంశపెద్ద చూస్తే ఒప్పుకోడు. శవం లేకుండా దినాలు లేవు, బతికున్న పిల్లకి చావు ఎర్రగుడ్డ కట్టుకుంటే చేతులారా చంపుకున్నట్టే అంటాడు. దానికి తోడు సూపరింటెండెంట్ అమిస్సా గారు ఏటా క్రిస్మస్‌కి బియ్యం సంచి పట్టుకొచ్చి, అబాని సరిహద్దు అవతల అబిద్జాన్‌లో చూసినవాళ్ళున్నారని చెప్పి వెళ్తాడట. అప్పట్లో ఆ కేసు చూసిందీ, మూసిందీ ఆయనే. పాపం ముసలావిడ కూతురి కోసం తొమ్మిది క్రిస్మస్‌లకి తొమ్మిది కొత్త చీరగుడ్డలు కొని పెట్టెలో పెట్టింది. 

*

న్యాంకొంటన్ హోటల్లో కౌంటరు అదే, యజమానీ ఆయనే. కాస్త లావెక్కాడు ఎజిర్.

"రండి మేడమ్, రండి! డాడ్జీ, ఇంకా బతికే ఉన్నావా? ఇంకో సినిమా తీస్తావా ఏమిటి?"

"ఆ పాతదే ఇంకా పూర్తి కాలేదండీ," అంది క్వాన్సిమా. ఫోటో ఒకటి చాచింది. ఎజిర్ కుడిచేత్తోనే అందుకున్నాడు, మర్యాదగా. ఆమె ఫోటో వదల్లేదు. రెండో చేత్తో అతని మణికట్టు పట్టుకుంది.

"ఈ మచ్చ ఏమిటి?"

"కుక్క కరిచింది."

"ఎప్పుడు?"

"ఎప్పుడో... సినిమా అయిపోయాక. క్రిస్మస్‌కి."

బొటనవేలి కింద కండలో నెలవంకలా ఉంది మచ్చ. మధ్యలో చిన్న ఖాళీ. క్వాన్సిమా ఫోటో అతని కళ్ళకెదురుగా తిప్పింది. అబా నవ్వుతోంది. ముందుపళ్ళ మధ్య సందు. ఆ సందు చూసే మగవాళ్ళు మతులు పోగొట్టుకునేవారని, ఆ సందు చూసే తాను వేషమిచ్చానని డాడ్జీ దారిలో చెప్పాడు.

"ముందుపళ్ళ మధ్య సందున్న కుక్కండీ? మంచి అందమైన కుక్కే."

ఎజిర్ చెయ్యి లాక్కున్నాడు. "అవన్నీ సూపరింటెండెంట్ గారు అప్పుడే అడిగారు మేడమ్. ఆయనకి చెప్పాను. మీకు మళ్ళీ ఎందుకు?"

"ఆయన అడిగింది కాగితం మీద ఉంది. చేతి సంగతి అందులో లేదు. అబా దిగిన పన్నెండో నంబరు గది తెరవండి."

"అది స్టోరు రూమండీ ఇప్పుడు. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ ఇవ్వడంలేదు."

"మరీ మంచిది. ఎవరి నిద్రా చెడగొట్టక్కర్లేదు."

మెట్లెక్కుతూ వెనక్కి చూస్తే, ఎజిర్ టెలిఫోను దగ్గర వంగి గుసగుసలాడుతున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. ఎవరికి చేస్తున్నాడో ఆమె అడగలేదు. ఎలాగూ వస్తాడులే అనుకుంది.

గదిలో పాత పరుపులు, విరిగిన కుర్చీలు, బూజు. కానిస్టేబుల్ అంపా అవన్నీ ఓ పక్కకి లాగాడు. క్వాన్సిమా గది మధ్యలో నిలబడి, సినిమాలో కెమెరా ఎక్కడుందో అక్కడి నుంచి చూసింది. అబా మొదటి సీను. కుడివైపు తలుపు తీసుకుని, స్నానాలగదిలోంచి తల తుడుచుకుంటూ వస్తుంది. కిటికీ దగ్గర నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తుంది.

కిటికీ ఉంది. కుడివైపు తలుపు లేదు. ఆ చివర నుంచి ఈ చివరకి ఒకటే గోడ, దానికి ఆనించి బీరువా.

"ఇక్కడి స్నానాలగది ఏమైందండీ?"

పైకొచ్చి గుమ్మంలో నిలబడ్డ ఎజిర్ ఠక్కున జవాబిచ్చాడు. "అది నిజం గది కాదు మేడమ్. సినిమావాళ్ళు వేసుకున్న సెట్టు. అట్టముక్కలూ చెక్కలూను. వెళ్తూ వెళ్తూ పీకేశారు."

"సెట్టా!" డాడ్జీ ఒక్క గెంతు గెంతాడు. ఇన్నేళ్ళ కష్టానికీ ఇంతకన్నా అవమానం జరగలేదన్నట్టు మండిపడ్డాడు. "నేనా? సెట్టు వేశానా? అయ్యా, మా హీరో సొంత బూట్లు వేసుకొచ్చాడు! తుపాకీ మా మేనల్లుడి బొమ్మ తుపాకీ! ఆ పిల్ల సొంత బట్టలు, సొంత తువ్వాలు! మేకులు కొనడానికి గతిలేనివాణ్ణి, గోడలెక్కడ కడతాను? ఉన్న గదిలో ఉన్నది ఉన్నట్టు తీశాను. షవరు కింద నిలబడి నేనే స్నానం చేశాను ఆ మూడు రోజులూ!"

అంపా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నాడు. క్వాన్సిమా నవ్వలేదు. బీరువా జరిపి గోడ మీద వేళ్ళతో తట్టుకుంటూ పోయింది. మధ్యలో ఒకచోట చప్పుడు మారింది. అక్కడ పూత ఎగుడుదిగుడుగా ఉంది, పని తెలియనివాడి చేతిపూత.

"అంపా, సుత్తి."

"సుత్తి ముట్టుకుంటే నీ యూనిఫాం ఊడదీయిస్తాను," అన్నారెవరో వెనక నుంచి.

సూపరింటెండెంట్ అమిస్సా. ఇస్త్రీ మడతలు చెదరని చొక్కా, చేతిలో బెత్తం. ఎజిర్ ఆయన వెనక్కి చేరాడు.

"ఏమిటిది క్వాన్సిమా? బస్సులో సినిమా చూసి కేసులు తిరగదోడుతున్నావట. రేపు పాట విని ఎవణ్ణయినా ఉరి తీయిస్తావా?"

"పాటలో చెయ్యి దాచుకున్నవాడు కనిపిస్తే చూద్దాం సార్."

"నోరు బాగానే లేస్తోంది. నేను మూసిన కేసు ఇది. ఆ పిల్ల ప్రియుడితో ఎలుబో సరిహద్దు దాటి అబిద్జాన్ పోయింది. సాక్షులున్నారు."

"సాక్షి ఒక్కరే సార్. మీ వెనక నిలబడ్డాయన."

"చాలదా? ఆ వారమంతా నేను అక్రాలో ట్రైనింగులో ఉండబట్టి గానీ, లేకపోతే ఆ రోజే సరిహద్దులో పట్టుకుని చెవి మెలేసి తీసుకొచ్చేవాణ్ణి. సోమవారం వచ్చేసరికి పిట్ట ఎగిరిపోయింది. ఇంక ఇంటికి పో."

క్వాన్సిమా జేబులోంచి మెజిస్ట్రేటు సంతకం పెట్టిన సోదా ఉత్తర్వు తీసి, కుడిచేత్తో, తల వంచి మరీ అందించింది. "తమరు చదువుతూ ఉండండి సార్. అంపా, కొట్టు."

మొదటి దెబ్బకి పూత రాలింది. నాలుగో దెబ్బకి ఇటుక లోపలికి పడింది. చెయ్యి దూరేంత సందయ్యాక, అంపా టార్చి వేసి చూసి, టోపీ తీసేశాడు.

గోడ వెనక షవరు ఉంది. తెల్లటి పింగాణీ తొట్టి ఉంది. అందులో దుప్పటి చుట్టిన మనిషి ఉంది. ఉంది అనడానికి మిగిలింది ఎముకలే. పక్కన పెట్టె. వెళ్ళిపోయేటప్పుడు పట్టుకుపోయిందన్న పెట్టె.

"అయ్యో తల్లీ," అన్నాడు డాడ్జీ. గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. "పైనే ఉందా? మేం కింద నవ్వుకుంటూ షూటింగు చేస్తుంటే పైనే ఉందా?"

అంపా సందు మనిషి పట్టేంత పెద్దది చేశాక, క్వాన్సిమా ఒక్కతే లోపలికి దూరింది. దుప్పటి అంచు ఎత్తి చూసింది. తొమ్మిదేళ్ళుగా జనం ఈలలు వేసిన సినిమాలో ఈ పిల్ల నవ్వు ఆమె ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూసిందో! ఇప్పుడు చూస్తుంటే కళ్ళు మసకలు కమ్మాయి. తన తలగుడ్డ విప్పి, నడుం దగ్గర కప్పింది. ఆడదాని నడుం దగ్గరిది మగవాళ్ళ కంట పడకూడదు, చచ్చాకైనా సరే. దుప్పటి మళ్ళీ సర్ది బయటికొచ్చింది.

"మాస్టర్, లేవండి. వెళ్ళి ఎనా బడువాని తీసుకురండి. నెమ్మదిగా తీసుకురండి. దారిలో ఏమీ చెప్పకండి."

డాడ్జీ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళాడు. అమిస్సా గుమ్మం దాటి అడుగు లోపలికి వెయ్యలేదు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరో ఏమిటో! హోటలన్నాక ఎంతమంది వస్తారు, ఎంతమంది పోతారు. అది అబా అని ఎవడు చెప్పగలడు?"

"తల్లి చెప్పగలదు సార్. తల్లి చూస్తే గుర్తుపట్టేది ఒకటి ఒంటిమీదుంది."

"నడుం పూసలేగా?" అమిస్సా విసుక్కున్నాడు. "ఏ ఆడదానికి లేవు? మధ్యలో ఓ పెద్ద పసుపు పూస ఉన్నంతమాత్రాన ముసలిది చూసి ఏడిస్తే, దాన్ని కోర్టు సాక్ష్యమంటుందా?"

క్వాన్సిమా ఉలిక్కిపడలేదు. మొహం కదలనివ్వలేదు. అంపా చూడలేదు, డాడ్జీ చూడలేదు. దుప్పటి ఎత్తి ఆ పసుపు పూస చూసింది తనొక్కతే. "చూద్దాం సార్," అని మాత్రం అంది. అంపాకి కళ్ళతోనే గుమ్మం చూపించింది. అంపా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

*

ఎనా బడువా మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. ప్రతి మెట్టుకీ దగ్గు. డాడ్జీ నడుం చుట్టూ చెయ్యి వేసి నడిపించాడు. గదిలోకి రాగానే పగిలిన గోడని చూసింది, తర్వాత తలగుడ్డ లేని క్వాన్సిమా తలని చూసింది. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"మగాళ్ళని అటు తిరగమను," అంది.

అందరూ అవతలి గోడ వైపు తిరిగారు. క్వాన్సిమా ఆవిడ్ని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. గుడ్డ కిందికి ముసలి చెయ్యి వెళ్ళింది. ఆవిడ కళ్ళతో చూడలేదు. పూసలు వేళ్ళతో ఒక్కొక్కటే తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగింది.

"ఇదే," అంది. "మా అమ్మమ్మ పూస."

"ఎనా, ఒక్క మాట. గట్టిగా చెప్పండి, బయటికి వినపడాలి. ఈ పసుపు పూస అబా నడుముకి ఎప్పట్నుంచి ఉంది?"

"ఎప్పట్నుంచో లేదు. ఆఖరి రోజు తెల్లారగట్ట షూటింగుకి పోయేముందు ఇంటికొచ్చింది. 'అమ్మా, నెల తప్పింది' అంది. ఎవడే అంటే, పెద్దాఫీసరు, పెళ్ళామున్నవాడు, ఇవాళ హోటలుకొస్తానన్నాడు, అక్కడే తేల్చుకుంటా అంది. తిట్టాను. తిట్టి, ఏడ్చి, కడుపులో బిడ్డకి కీడు సోకకూడదని నా పెట్టెలోంచి ఈ పూస తీసి, నా చేత్తోనే గుచ్చి కట్టాను. పొద్దున కట్టాను. మళ్ళీ ఇవాళే ముట్టుకుంటున్నాను. ఆఫీసరు సంగతి అప్పుడే సూపరింటెండెంట్ గారికి చెప్పుకున్నాను, పూస సంగతి మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

క్వాన్సిమా సందులోంచి బయటికి చూసింది. "సూపరింటెండెంట్ గారూ. ఆ వారమంతా అక్రాలో ఉన్నానన్నారు. ఆ రోజు పొద్దున కట్టిన పూస, ఆ పిల్లతో పాటే గోడ వెనకపడ్డ పూస, దాని రంగు మీకెవరు చెప్పారు?"

అమిస్సా గుమ్మం వైపు చూశాడు. అక్కడ అంపా ఉన్నాడు. నోరు తెరిచింది ఎజిర్. ముసలావిడున్న సందు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఎనా, నేను నోరు మాత్రమే మూశాను! అరవకుండా నోరు మూయమన్నాడు, మూశాను. గొంతు పట్టుకుంది నేను కాదు. నా పిల్లల మీద ఒట్టు, గొంతు నేను పట్టుకోలేదు!"

"నోర్ముయ్!" అమిస్సా చెయ్యి తుపాకీ ఒర మీదికి పోయింది. అంపా ఆ చేతిని గోడకేసి నొక్కేశాడు. బెత్తం కింద పడి దొర్లింది.

ఎనా బడువా సందులోంచి తల వంచి బయటికొచ్చింది. దగ్గు లేదు. అమిస్సా ఎదురుగా వచ్చి నిలబడి, ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

"నా ఇంట్లో అన్నం తిన్నావు," అంది. "క్రిస్మస్ క్రిస్మస్‌కీ నా బిడ్డ పలకరింపు మోసుకొచ్చావు. 'మీ అబా బాగుంది, కాస్త ఒళ్ళు చేసింది' అన్నావు పోయినేడాది. ఒళ్ళు చేసిందంటే మురిసిపోయి, ఈసారి చీరగుడ్డ రెండు గజాలు ఎక్కువ కొన్నాను నాయనా."

అమిస్సా మొహం తిప్పుకున్నాడు. ఆవిడ ఇంక ఆయన వైపు చూడలేదు. క్వాన్సిమా చెయ్యి పట్టుకుని కింద కూర్చుంది, కాళ్ళు చాపుకుంది, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయ్, తేలిపోయింది కదా? ఇంక రాదు కదా?"

"రాదు ఎనా."

"అయితే ఇంక నన్ను ఏడవనివ్వండి," అంది ముసలావిడ.

ఏడ్చింది. కూతుర్ని పేరు పెట్టి, పుట్టిన వారం పెట్టి, వంశం పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. కింద కౌంటరు దగ్గరున్నవాళ్ళూ, వీధిలో పోయేవాళ్ళూ ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చి, ఎవరు పోయారని అడగకుండానే గొంతు కలిపారు.